నెమ్మదిగా పరుగెత్తేవారికీ గట్టు మీద ఇంత చోటు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ మొదలుకొని ఏడాది చివర్లో విశాఖలో నౌకాదళం వారు నిర్వహించే మారథాన్ వరకు, పరుగు పోటీల వార్తలను మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ శ్రద్ధగానే ప్రచురిస్తున్నాయి. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న జనం, జెండా ఊపుతున్న అతిథి, గెలిచినవారి సమయాలు, బహుమతి మొత్తాలు అన్న వరుసలో ఆ వార్తలు సాగుతాయి. వాటిని నేనూ ఇష్టంగానే చదువుతాను. అయితే దూరపు పరుగును ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉన్నవారిలో చాలామంది ఏ పోటీలోనూ కనిపించరు. తెల్లవారకముందే లేచి, ఊరి చివర రోడ్డు మీదో చెరువు కట్ట మీదో గంటో గంటన్నరో నెమ్మదిగా పరుగెత్తి, ఏడు గంటలకల్లా ఇంటికి చేరి వంటపనిలోనో ఆఫీసు పనిలోనో పడిపోయే మనుషులు వారు. బరువు తగ్గడమో పతకమో కాదు, మనసు కుదుటపడటమే వారిని మర్నాడు కూడా లేపుతుంది. ఆ సంగతి గురించీ, దానికి మా ఊళ్లో కావలసిన ఒక చిన్న ఏర్పాటు గురించీ రాయాలని ఈ ఉత్తరం.

నేను రాజమహేంద్రవరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను, యాభై దాటిన మనిషిని. కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టి గోదావరి గట్టు వెంట ధవళేశ్వరం వైపు పరుగెత్తి వెనక్కి రావడం నాకు అలవాటు. మొదటి పావుగంట ఎప్పుడూ కష్టమే. పిక్కలు బిగుసుకుని ఉంటాయి, ఊపిరి ఒక పద్ధతికి రాదు, పైగా నిన్నటి ఆఫీసు మొత్తం వెంట వస్తుంది. కౌంటర్ దగ్గర గొంతు పెంచిన పింఛనుదారు, అందరి ముందూ ఒక మాట అన్న పై అధికారి, ఇంట్లో రాత్రి సగంలో ఆగిపోయిన వాదన, వీటన్నింటికీ పుష్కర ఘాట్ చేరేలోగా మనసులో జవాబులు చెప్పడం పూర్తవుతుంది. నిజంగా చెప్పవలసినప్పుడు రాని పదునైన మాటలన్నీ అప్పుడే తోస్తాయి. ఆ తర్వాత ఎక్కడో, ఫలానా చోట అని చెప్పలేను గాని, మూడు అడుగులకు ఊపిరి లోపలికి, మూడు అడుగులకు బయటికి అన్న లెక్క దానంతట అదే కుదురుతుంది. ఆ లెక్క కుదిరాక జవాబులు చెప్పుకోవడం పలచబడుతుంది. అదే పింఛనుదారు మళ్లీ గుర్తుకొస్తాడు, కాని ఈసారి అతని చేతిలో అట్ట చినిగిన పాసుపుస్తకం, మూడోసారి తిప్పి పంపినప్పుడు అతని ముఖం కూడా కనిపిస్తాయి. మా వైపు పెద్దలు వరదనీటిని బిందెలో పట్టి ఇండుపగింజ అరగదీసి కలిపేవారు, కాసేపటికి మడ్డి అడుక్కు దిగి పైన తేటనీరు మిగిలేది. మనసు విషయంలో మాత్రం మడ్డిని దింపడానికి కాళ్లు కదలవలసి రావడం ఒక్కటే వింత. సమస్య తీరిపోతుందని నేననను. పింఛను ఫైలు అక్కడే ఉంటుంది, అధికారీ అక్కడే ఉంటారు, కాని మాటకు మాట అప్పజెప్పాలన్న ఉబలాటం మాత్రం తగ్గుతుంది. ఆఫీసులో అది తగ్గితే చాలా పని దానంతట అదే జరుగుతుందని కౌంటర్ దగ్గర కూర్చున్నవారెవరికైనా తెలుసు.

ఇది నా ఒక్కదాని భ్రమ కాదనడానికి శాస్త్రజ్ఞులు కొంత ఆధారం చూపించారు. పరుగువల్ల కలిగే హాయికి, నొప్పిని తగ్గించడానికి శరీరం తయారుచేసుకునే ఎండార్ఫిన్లు అనే పదార్థాలే కారణమని చాలాకాలం అనుకున్నారు, ఇప్పటికీ మన ఆరోగ్య శీర్షికల్లో ఆ మాటే కనిపిస్తుంది. అయితే రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా చొరబడలేవు. 2015లో జర్మనీ పరిశోధకులు ఎలుకల మీద చేసిన పరిశీలనలో, ఎండార్ఫిన్లు అతుక్కుని పనిచేసే చోట్లను, అంటే గ్రాహకాలను, మందుతో అడ్డుకున్నా పరుగు తర్వాత ఎలుకల్లో బెదురు తగ్గడం ఆగలేదు. శరీరమే తయారుచేసుకునే ఎండోకన్నాబినాయిడ్లు అనే వేరే పదార్థాల గ్రాహకాలను అడ్డుకుంటే మాత్రం ఆ ప్రశాంతత పోయింది. 2021లో మనుషుల మీద చేసిన ప్రయోగంలోనూ, ఎండార్ఫిన్ల దారి మూసినంత మాత్రాన పరుగు ఇచ్చే హాయి ఆగిపోలేదని తేలింది. అంతకుముందు 2012లో అమెరికాలో డేవిడ్ రైక్లెన్ బృందం మనుషులను, కుక్కలను, ముంగిసను పోలి ఉండే ఫెర్రెట్ అనే జంతువును ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూసింది. దూరం పరుగెత్తే స్వభావమున్న మనిషిలోను, కుక్కలోను ఆ పదార్థాలు పెరిగాయి గాని ఫెర్రెట్‌లో పెరగలేదు. గట్టు మీద నన్ను తరిమిన వీధికుక్కకు కూడా ఆ పూట నాతోపాటు అంతో ఇంతో మనశ్శాంతి దక్కి ఉంటుందని అది చదివాక నవ్వుకున్నాను.

ఆ బృందమే మరుసటి ఏడాది గమనించిన సంగతి నాకు వీటన్నింటికంటే ముఖ్యంగా తోస్తుంది. మరీ మెల్లగా నడిచినప్పుడు గాని, ఊపిరాడనంత వేగంగా పరుగెత్తినప్పుడు గాని ఎండోకన్నాబినాయిడ్లు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, మధ్యస్థమైన శ్రమలోనే పెరిగాయి. అనుభవంలో చూసుకున్నా అంతే. పక్కన ఎవరైనా ఉంటే నాలుగు మాటలు మాట్లాడగలిగే వేగంలో మనసు తేలికపడుతుంది, రొప్పుతూ పరుగెత్తిన రోజున ఎంత వేగంగా వచ్చామన్న సంతోషం మిగులుతుంది గాని మనసు అలాగే ఉంటుంది. జపాన్‌లో ఫుకువోకా విశ్వవిద్యాలయానికి చెందిన హిరోవాకి తనాకా, ముఖంలో చిరునవ్వు చెదరని వేగమే సామాన్యులకు సరైన వేగమని ప్రచారం చేశారు. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుడు పీటర్ స్నెల్ చేత వారానికి 160 కిలోమీటర్ల దాకా దూరపు పరుగులు చేయించారు. ఆ స్నెల్ 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది 800 మీటర్ల పోటీలో! అదే లిడియార్డ్ నడివయసు వారిని, గుండెజబ్బు చేసి కోలుకున్నవారిని కూడా నెమ్మదైన పరుగులకు కదిలించగా, ఆ దేశానికి వెళ్లిన అమెరికన్ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ అది చూసి తమ దేశంలో జాగింగ్‌ను ప్రచారంలోకి తెచ్చారు. మన దగ్గర మాత్రం కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు మొదటి నెలలోనే చేతి గడియారాన్ని చూసుకుంటూ, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో వాట్సాప్ బృందంలో పెట్టి, ఎవరో తమకంటే అర నిమిషం ముందున్నారని దిగులుపడుతున్నారు. ఆఫీసులో ఉన్న పోటీ చాలదన్నట్టు తెల్లవారుజామున మరొకటి నెత్తికెత్తుకోవడం ఎందుకో నాకు బోధపడదు. గట్టంతా వినబడేలా ఫోన్‌లో పాటలు పెట్టుకుని పరుగెత్తేవారి గురించి వేరే ఉత్తరం రాయాలి.

పరుగు దుఃఖాన్ని ఎంతవరకు మోయగలదో తెలుసుకోవాలంటే ఫౌజా సింగ్ జీవితం చూడాలి. పంజాబ్‌లో జలంధర్ దగ్గరి బియాస్ గ్రామానికి చెందిన ఈ రైతు 1994లో కళ్లముందే కొడుకు ప్రమాదంలో చనిపోవడంతో కుంగిపోయారు. తర్వాత లండన్‌లో మరో కొడుకు దగ్గర ఉంటూ, ఆ దుఃఖం నుంచి బయటపడటానికి పరుగును పట్టుకున్నారు. 2000లో లండన్‌లో తొలి మారథాన్ పూర్తిచేసేనాటికి ఆయన వయసు 89 ఏళ్లని చెబుతారు. 2011లో టొరంటోలో 42.195 కిలోమీటర్లను 8 గంటలకు పైగా సమయం తీసుకుని పూర్తిచేసినప్పుడు నూరేళ్లు నిండాయి. పుట్టినతేదీకి ధ్రువపత్రం లేనందున గిన్నిస్ వారు ఆ రికార్డును నమోదు చేయలేదు, అయినా ఆయన పరుగును అది ఇసుమంతైనా తగ్గించలేదు. ఎనిమిది గంటలపాటు రోడ్డు మీద ఉన్న ఆ వృద్ధుణ్ని ఎవరూ వేగం అడగలేదు. 2025 జూలై 14న, 114 ఏళ్ల వయసులో, సొంత ఊరి దగ్గర రోడ్డు మీద ఉండగా వాహనం ఢీకొని ఆయన చనిపోయారు. అంత దుఃఖాన్ని దాటుకుని వచ్చిన మనిషికి చివరికి మన రోడ్డే గండమైంది.

వ్యక్తిత్వ వికాసం అనే సరుకును ఇప్పుడు సభల్లో, శిక్షణ తరగతుల్లో ధర కట్టి అమ్ముతున్నారు. దూరపు పరుగు నేర్పేది అంత ఆకర్షణీయంగా ఉండదు. శరీరాన్ని మాటలతో మభ్యపెట్టలేమని మొదట నేర్పుతుంది. ఈ వారం ఆరు కిలోమీటర్లు పరుగెత్తినవారు వచ్చే వారం పదిహేను పరుగెత్తబోతే పిక్కో మడమో వెంటనే అడ్డం తిరుగుతుంది, ఎంత చదువుకున్నా ఎంత పలుకుబడి ఉన్నా అక్కడ సిఫారసు పనిచేయదు. జ్వరంతో పది రోజులు మంచాన పడి లేచినవారు మళ్లీ రెండు కిలోమీటర్ల దగ్గర, వెనక వచ్చినవారు దాటిపోతుండగా, మొదలుపెట్టవలసి వస్తుంది. దాటిపోయేవారిని చూసి కుంచించుకుపోకుండా మన అడుగు మనం వేయడం చెప్పినంత తేలిక కాదు. మా అత్తగారు పక్షవాతంతో మంచానికి అతుక్కుపోయిన నెలల్లో ఆ ఓపిక నాకు అక్కరకొచ్చింది. ఈ రోజు చెయ్యి కాస్త కదిలింది, రేపు కదలకపోవచ్చు, ఎల్లుండి మళ్లీ చూద్దాం అన్న ధోరణిలో ఆవిడకు వ్యాయామం చేయించగలిగానంటే, ఆ ధోరణి గట్టు మీద అలవడిందే.

మాలాంటి ఆడవాళ్లకు మరికొన్ని ఇబ్బందులు ఉంటాయి. టీ బండి పెట్టుకున్నాయన మొదట్లో రోజూ "ఎందుకండీ ఆ పరుగు, బస్సు పోయిందా ఏంటండి?" అని అడిగేవాడు, ఇప్పుడు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతున్నాడు. ఒలింపిక్స్‌లోనే మహిళల మారథాన్ 1984 దాకా లేదు కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. మోకాళ్లు అరిగిపోతాయన్న మాట ఇంకా బలంగా ఉంది. 2017లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం, తుంటి లేదా మోకాలి కీళ్ల అరుగుదల, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో 3.5 శాతం, కూర్చున్నచోటే ఉండేవారిలో 10.2 శాతం, పోటీల్లో తీవ్రంగా పరుగెత్తేవారిలో 13.3 శాతం మందిలో కనిపించింది. కీళ్ల విషయంలోనూ మితమే మేలు చేస్తోందన్నమాట. గుండెజబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టడం తప్పనిసరి. మా గోదావరి జిల్లాల ఉక్కపోతలో మే నెలలో నాలుగున్నరకే బయలుదేరి, వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగడం మంచిది. దాహం లేకున్నా లీటర్లకు లీటర్లు నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పరుగు మానసిక వ్యాధులకు మందు అన్నట్టు కొందరు ప్రచారం చేస్తున్నారు. కుంగుబాటు లక్షణాలు వ్యాయామంతో కొంత తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్న మాట నిజమే. కాని కుంగుబాటు ముదిరినవారికి మంచం మీంచి లేవడమే గగనం, వారితో "లేచి పరుగెత్తు, అంతా సర్దుకుంటుంది" అనడం క్రూరత్వం. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనుల్లో 10.6 శాతం మందికి మానసిక రుగ్మతలున్నాయని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. అటువంటి దేశంలో చికిత్సకు వెళ్లవలసినవారిని బూట్లు కొనుక్కోమని పంపకూడదు. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుబాటులో ఉంది. పరుగెత్తితే తప్ప మనసు నిలవని స్థితి కూడా ఆరోగ్యం కాదు. కాలు బెణికినా ఆగలేక కుంటుతూ పరుగెత్తేవారిని చూశాను, వారికి పరుగు మరో వ్యసనమైంది.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. వేగంగా పరుగెత్తేవారు అరగంటలో మైదానంలో పని ముగించుకుని వెళ్లగలరు. నెమ్మదిగా దూరం పరుగెత్తేవారు గంటకు పైగా రోడ్డు మీదే ఉంటారు, కాబట్టి ప్రమాదం కూడా వారికే ఎక్కువ. మనసును నిలిపేది ఈ నెమ్మదైన పరుగే అయినప్పుడు, అందుకు కావలసింది ఖరీదైన క్లబ్బో జిమ్ములో యంత్రమో కాదు, వాహనం మీద పడుతుందన్న భయం లేని నాలుగైదు కిలోమీటర్ల దారి. వెనక హారన్ వినబడిన ప్రతిసారీ ఉలిక్కిపడి పక్కకు గెంతవలసిన చోట మూడడుగుల ఊపిరి లెక్క ఎన్నటికీ కుదరదు. 2023 జూలైలో హైదరాబాద్ శివార్లలోని బండ్లగూడ వద్ద ఉదయపు నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లు అదుపుతప్పిన కారు కింద ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో అదే నగరంలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర పైన సౌర పలకలతో సైకిల్ దారి ప్రారంభమైంది. విశాఖలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొంతమేర వాహనాలను ఆపే పద్ధతి ఉంది. తలచుకుంటే మనవాళ్లు చేయగలరనడానికి ఇవి చాలు. అయితే ఇవన్నీ మహానగరాల ముచ్చట్లు, చిన్న ఊళ్లలో పరుగెత్తేవారికి ఇప్పటికీ రోడ్డు అంచే గతి.

మా ఊరికి ఇప్పుడు మంచి అదను ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి, ఘాట్‌లకు, గట్టు రోడ్డుకు, దీపాలకు ఎలాగూ ఖర్చుపెడతారు. పుష్కరాల పన్నెండు రోజులను మాత్రమే దృష్టిలో పెట్టుకుని గట్టు మొత్తాన్ని సిమెంటు చేయకుండా, నది వైపు అంచున మనిషి మనిషిని ఒరుసుకోకుండా వెళ్లగలిగినంత వెడల్పున ఒక మట్టి దారిని వదిలితే, ఆ పన్నెండు రోజులూ యాత్రికులు, మిగిలిన పన్నెండేళ్లూ ఊరివాళ్లు దాని మీద నడుస్తారు, పరుగెత్తుతారు. కాళ్లకు సిమెంటు కంటే మట్టి మెత్తన. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా గట్టు రోడ్డు మీదకు ఇసుక లారీలను, కార్లను రానివ్వకుండా రెండు వైపులా గొలుసు వేస్తే పెద్ద ఖర్చు కాదు. పాలవాళ్లు, పేపరు వేసే పిల్లలు, రేవుకు వెళ్లే జాలరులు సైకిళ్ల మీద వెళ్లడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఘాట్‌లలో మరుగుదొడ్లకు ఆ వేళ తాళాలు వేసి ఉంటున్నాయి, వాటిని తెరిపించాలి. పాడైన వీధిదీపాలను మార్చకపోతే ఆడవాళ్లు తెల్లవారేదాకా బయటికి రాలేరు, తెల్లవారాక వారికి తీరిక ఉండదు. కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, టీకాలు క్రమం తప్పకుండా చేయించడం నగరపాలక సంస్థ చేయవలసిన పనే.

ఇంజనీర్లు అంచనాలు తయారుచేసేటప్పుడు ఒక్కసారి తెల్లవారుజామున గట్టు మీదకు రావాలని కోరుతున్నాను. ఎక్కడ రాళ్లు లేచిపోయాయో, ఏ మలుపులో లారీ అలికిడి చివరిదాకా తెలియదో, ఏ స్తంభానికి దీపం వెలగడం లేదో రోజూ అక్కడ పరుగెత్తే మాకు చీకట్లోనూ తెలుసు. నడిచి చూపించడానికి మాలో కొందరం సిద్ధంగా ఉన్నాం. ఈ విషయాన్ని సంబంధిత అధికారుల దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా మీ పత్రికను కోరుతూ,

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం.